మడ అడవిలో శుభలేఖ పిట్టలు

మా పిన్ని మస్కట్‌లో ఒకరింట్లో పనిచేసి వచ్చేశాక మా ఇంట్లోనే ఉండిపోయింది. అమ్మకి స్వయానా చెల్లెలు. బాబాయి పోయి చాలాకాలమైంది, పిల్లల్లేరు. అమ్మ కూడా పోవడంతో ఆవిడకి మిగిలిన దగ్గరి మనిషిని నేనే. అమలాపురంలో మేముండే అద్దె ఇంట్లో వీధిగది ఆవిడకిచ్చాం. నేనొక ప్రైవేటు స్కూల్లో పిల్లలకి డ్రాయింగు, క్రాఫ్టు నేర్పుతాను. మా ఆయనది మోటార్లు బాగుచేసే షాపు.

వచ్చిన కొత్తలో ఆవిడతో ఒకటే చిక్కు. కూర్చునేది కాదు. కాఫీ గ్లాసు చేతిలో ఉన్నా గోడవారగా ఈ చివర్నించి ఆ చివరికి నడుస్తూనే తాగేది. గేటు దాకా వెళ్ళి, గడియ మీద చెయ్యి వేసి, ఆగి, నా వైపు చూసేది. ఎందుకు చూస్తోందో నాకు అర్థమయ్యేది కాదు.

"వెళ్ళు పిన్నీ, ఎవరొద్దన్నారు?" అన్నానొకరోజు.

"అలవాటు పోయిందే అమ్మడూ. ఆళ్ళు చెప్తేనే గానీ గడియ తియ్యకూడదు కదా, చెయ్యి అక్కడే ఆగిపోతంది."

"అక్కడ నిన్ను కొట్టేవారా?"

"లేదే. మంచోళ్ళే. తిండికీ బట్టకీ లోటు చెయ్యలేదు. గేటు మాత్రం దాటనివ్వలేదు. అన్నేళ్ళూ మేడమీద గదీ, కింద వంటిల్లూ. మధ్యలో మెట్లు."

ఆ మేడమీద గదిలో తనతోపాటు పనిచేసిన ఫిలిప్పీన్సు అమ్మాయి దగ్గర కాగితం మడవడం నేర్చుకుందిట. కత్తెర వద్దు, జిగురు వద్దు. చేతిలోకి కాగితం ముక్క వస్తే చాలు, గోటితో మడతలు నొక్కుతూ పిట్టనో పీతనో చేసి పక్కన పెట్టేది. నేను స్కూలుకని కొన్న గ్లేజు కాగితాలు ఇస్తే తీసుకోలేదు. "ఇది జారిపోతంది, మడత నిలవదు" అంది. అటకమీది అట్టపెట్టెలో పాత శుభలేఖలు కనబడ్డాక ఆవిడ ముఖం విప్పారింది. మందంగా, గరుకుగా, మడత పెడితే మాట వినే కాగితం. పెళ్ళికొడుకు పేరు రెక్క మీదా, ముహూర్తం తోక మీదా పడేవి. పసుపు రాసిన మూలలు ముక్కు దగ్గరకొచ్చేవి. వాటిని చూసి నేనూ మొదలుపెట్టాను. సాయంత్రాలు ఇద్దరం వీధిగదిలో నేలమీద కాగితాలు పరుచుకుని కూర్చునేవాళ్ళం. చేతుల్లో కాగితం ఉన్నంతసేపే ఆవిడ కూర్చునేది.

గేటు దాటడం అలవాటయ్యాక మాత్రం ఆపడం ఎవరివల్లా కాలేదు. కాలవగట్టు పట్టుకుని ఊరు దాటి వెళ్ళిపోయేది. తెలిసినవాళ్ళు షాపు దగ్గర ఆగి మా ఆయనతో చెప్పేవారు. "ఆవిడ మీ అత్తగారేననుకుంటానండి, ఎండలో ఒక్కరే పోతన్నారు. ఎక్కడికండీ అంటే ఎక్కడికీ కాదంటన్నారు." ఊళ్ళో ఆడమనిషి ఊరికే నడుస్తోందంటే ఏదో ఉందనుకుంటారు. అందుకని ఆదివారాలు నేనే ఆవిడని స్కూటీ మీద ఎక్కించుకుని సముద్రం వైపు తీసుకెళ్ళడం మొదలుపెట్టాను. అక్కడైతే ఎంత నడిచినా అడిగేవాళ్ళుండరు.

ఉప్పలగుప్తం దాటాక రోడ్డుకి రెండువైపులా రొయ్యల చెరువులే. నీళ్ళలో తిరిగే ఏరేటర్ల చప్పుడు చాలాదూరం వెంట వస్తుంది. అవి అయిపోయాక ఇసుక దిబ్బలు, వాటి మీద వరసలు వరసలుగా సరుగుడు తోట. ఆ తోట ఒక చిన్న పాయ దగ్గర ఆగిపోతుంది. పాయకి అవతల మడ అడవి. తోట మొదట్లో తాటాకు పందిరి వేసి ఒకావిడ కూల్‌డ్రింకులూ ఎండుచేపలూ అమ్మేది. ఆ పైన ఇక ఇళ్ళు లేవు. స్కూటీ ఆవిడ పందిట్లో పెట్టి మేం నడక మొదలుపెట్టేవాళ్ళం.

మొదటిరోజే ఆ తోట నాకు నచ్చలేదు. గాలి లేనప్పుడు కూడా సరుగుడు చెట్లు ఒకటే మూలుగుతాయి. కింద ఎండు ఆకు మెత్తగా పరుచుకుని ఉంటుంది, మన అడుగు చప్పుడు మనకే వినిపించదు. ఎటు చూసినా ఒకే లావు చెట్లు, ఒకే ఎడం. సముద్రం వైపు చివర్న అయితే ఇసుక కోసుకుపోయి, చెట్ల వేళ్ళు గాలిలో వేలాడుతూ కనిపించాయి. కొన్ని చెట్లు అప్పటికే తలకిందులుగా నీళ్ళలో పడి ఉన్నాయి. వాటికి కాస్త ఇవతల ఎవరిదో పాత బోరు గొట్టం నిలబడి ఉంది. ఇల్లు లేదు.

పిన్ని ఇవేవీ పట్టించుకోలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని, భుజానికి గుడ్డసంచీ తగిలించుకుని, ఎవరో పిలుస్తున్నట్టు నడిచేది. మధ్యలో ఏదైనా కంటబడితే ఆగి, చెట్టు మొదట్లో కూర్చుని, సంచీలోంచి శుభలేఖ తీసి దాన్ని మడిచేది. కొంగ నిలబడ్డ తీరు, పీత పక్కకి నడిచే తీరు, సరుగుడు కాయ పెచ్చులు. నేను పక్కన కూర్చుని చెట్టు బెరడు మీద పల్చని కాగితం పెట్టి మైనపు పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకునేదాన్ని. సోమవారం స్కూల్లో పిల్లలకి చూపించి ఏ చెట్టో చెప్పమనేదాన్ని. అలా నాకూ ఆ అడవితో పని పడింది.

వరసలన్నీ ఒకలాగే ఉండడంతో రెండో వారమే దారి తప్పాం. అప్పటినుంచి పిన్ని వెళ్ళేటప్పుడు మలుపు మలుపుకీ ఒక కాగితం పిట్టని కొమ్మకి గుచ్చేది. వచ్చేటప్పుడు ఒక్కొక్కటే తీసి సంచీలో వేసుకునేది. చీకటి చెట్ల మధ్య తెల్లగా ఆ పిట్ట కనిపిస్తే నాకు ప్రాణం లేచొచ్చేది.

పాయ దాటి మడ అడవిలోకి వెళ్దామన్నది కూడా ఆవిడే. సముద్రం వెనక్కి తీసే పాటు వేళ నీళ్ళు చీలమండ దాకానే ఉండేవి. అవతల బురదలోంచి మేకులు దిగ్గొట్టినట్టు వేళ్ళు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. వాటిమధ్య పీతలు పట్టేవాళ్ళు నడిచి నడిచి చేసుకున్న సన్నని దారి ఉండేది. పందిట్లో ఆవిడ మొదటిసారే హెచ్చరించింది.

"తిల్లచెట్టు కొమ్మ విరవకండమ్మా. పాలు కంట్లో పడితే కళ్ళు పోతాయండి. ఇంకోటండి, నీళ్ళు కొద్దిగా మెరక దాటి ఎక్కుతున్నట్టు కనబడితే ఇటొచ్చెయ్యండి. చూస్తూ నిలబడకండి."

"పోటు ఎప్పుడొస్తుందో మీకు తెలుస్తుందా అండీ?" అని అడిగాను.

"ఇదివరకు తెలిసేదండి. మొన్నటి వాయుగుండానికి, పాయ సముద్రంలో కలిసే మొగ పక్కకి తిరిగిపోయిందండి. నీళ్ళు ఎటునుంచి వస్తన్నాయో ఇప్పుడు మాకే తెల్డం లేదండి."

మా ఆయన ఒకసారి మాతో వచ్చాడు. పాయ ఒడ్డున పిన్ని ఒక్కర్తీ వెళ్ళి నిలబడి, నీళ్ళని చూస్తూ చాలాసేపు కదల్లేదు. మేం పిలిచినా వినలేదు. తిరిగొచ్చాక ఆయన వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించి అన్నాడు.

"అత్తయ్యగారిని చూస్తే నాకెందుకో భయంగా ఉందే. ఆవిడ చూపు నాకు నచ్చలేదు. ఇక అటు తీసుకెళ్ళకు."

"నడుస్తుంది, మడుస్తుంది. అంతకంటే ఏం చేస్తోంది?" అన్నాన్నేను. కానీ ఆ మాట నాలో దిగబడిపోయింది. ఆ తర్వాత అడవిలో నేను చెట్లని చూడటం మానేసి ఆవిడ వీపునే చూస్తూ నడిచేదాన్ని. ప్రతివారం కిందటి వారం కంటే కొంచెం లోపలికి వెళ్తోందని గమనించాను. "చాలు పిన్నీ" అంటే "ఇంకో రెండు చెట్లు" అనేది. గుచ్చిన పిట్టలు పెరుగుతూ వచ్చాయి.

కార్తీక పౌర్ణమి వెళ్ళిన మర్నాడు ఆదివారం పడింది. మేం వెళ్ళేసరికి పందిట్లో ఎవరూ లేరు. బల్ల తిరగేసి ఉంది, ఎండుచేపల గంప లేదు. ఆవిడ చుట్టాలింటికి వెళ్ళిందనుకున్నాం. తోటలో ఒక్క పక్షీ కూయడం లేదు. అది కూడా నేను తర్వాత తలుచుకున్నప్పుడే తోచింది. అప్పటికి ఎండ బాగానే ఉంది, పాయలో నీళ్ళు ఎప్పటికంటే తక్కువగా, అడుగు బురద మెరుస్తూ కనిపించింది. చెప్పులైనా తడవకుండా దాటాం.

ఆ రోజు పిన్ని చాలా హుషారుగా ఉంది. నీలం రెక్కల లకుముకి పిట్ట ఒకటి కొమ్మ మీంచి కొమ్మ మీదకి మాముందే ఎగురుతూ పోతుంటే దాని వెంట పడింది. మెడ పొట్టిగా, ముక్కు పొడుగ్గా ఉన్న ఆ పిట్ట మడత ఆవిడకి ఎన్నాళ్ళుగానో కుదరడం లేదు. ఒక లావుపాటి మడచెట్టు వేరు మీద కూర్చుని మూడు శుభలేఖలు పాడుచేసి, నాలుగోదానికి సరిగ్గా కుదుర్చుకుంది. అరచేతిలో పెట్టుకుని చూపిస్తూ నవ్వింది. మస్కట్ నుంచి వచ్చాక ఆవిడ పళ్ళు కనబడేలా నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి.

వెనక్కి బయల్దేరాం. చివరగా గుచ్చిన పిట్ట ఉంది. దాని ముందుదీ ఉంది. ఆ తర్వాత మలుపులో లేదు.

"ఇక్కడే పెట్టేను కదే?" అంది పిన్ని.

"గాలికి పడిపోయుంటుందిలే."

గాలి లేదు. ఇంకో మలుపు వచ్చింది. అక్కడా లేదు. కొమ్మకి గుచ్చిన చోట చిన్న కాగితం చిరుగు మాత్రం మిగిలింది. పక్క చెట్టుకి ఉండాల్సినదీ లేదు. ఎవరో మాకంటే ముందు నడుస్తూ ఒక్కొక్కటే తీసేసుకుంటున్నారనిపించింది.  "ఎవరండీ అక్కడ?" అని గట్టిగా అరిచాను.  బురదలో బుడబుడమని చిన్న చప్పుడు మాత్రం అన్ని వైపుల నుంచీ వస్తోంది. పీతలు బొరియల్లోంచి బయటికొచ్చి వేళ్ళ మీదికి పాకుతున్నాయి. ఒకటీ రెండూ కాదు, కనిపించినంత మేరా.

అప్పుడు పిన్ని నా మోచెయ్యి పట్టుకుని కిందికి చూపించింది. చెట్ల మధ్యనుంచి ఒక కాగితం పిట్ట మా వైపు నెమ్మదిగా వస్తోంది. పసుపు మూల తడిసి నారింజరంగుకి తిరిగింది. అది నీళ్ళ మీద తేలుతోంది, కొమ్మ మీంచి పీతలు లాగేసినదే కాబోలు. ఆ నీళ్ళు పాయ వైపు నుంచి, అంటే మేం వెళ్ళాల్సిన వైపు నుంచే వస్తున్నాయి.

పరిగెత్తాలని చూశాను. బురద కాలు వదల్లేదు. పాయ దగ్గరకి చేరేసరికి అది పాయలా లేదు. మేం చెప్పులు తడవకుండా దాటినచోట నీళ్ళు ఎర్రగా, నురగ కట్టి, లోపలికి తోసుకొస్తున్నాయి. అవతలి సరుగుడు తోట కంటికెదురుగానే ఉంది. ఇద్దరికీ ఈత రాదు. ఫోను తీస్తే సిగ్నలు లేదు.

నీళ్ళు పిక్కలు దాటాయి. పిన్ని ఆ నీళ్ళకేసి చూస్తూ నిలబడిపోయింది, మా ఆయన చెప్పిన అదే చూపు. నాలో ఇన్నాళ్ళుగా దిగబడి ఉన్న మాట నోట్లోకి వచ్చేసింది.

"పిన్నీ, నువ్వు కావాలనే ఇటు తీసుకొచ్చేవా?"

ఆవిడ నా వైపు తిరిగింది. మొదట అర్థం కానట్టు చూసింది. అర్థమయ్యాక ముఖంలో కోపం వస్తుందనుకున్నాను. రాలేదు.

"చచ్చిపోదామనుకుంటే ఆ మేడమీదే చచ్చేదాన్ని కదే పిచ్చిదానా. అన్ని మెట్లున్నాయి. నడుద్దామని వచ్చేను నేను." చీర కుచ్చిళ్ళు ఎత్తి నడుముకి బిగించింది. "ఇందాకటినుంచీ చూస్తన్నది, నీళ్ళు ఎటు తక్కువ లాగుతున్నాయో అని. మాట్లాడకు. విను."

విన్నాను. నీళ్ళ చప్పుడు వెనక ఎక్కడో, కుడివైపు, ఏరేటర్లు తిరుగుతున్న చప్పుడు. చెరువులుంటే గట్లుంటాయి. అటు దారి లేదు. మడచెట్ల వేళ్ళు పట్టుకుని, చెట్టు నుంచి చెట్టుకి, ముందు ఆవిడా వెనక నేనూ. ఆవిడ చెప్పులు బురద మింగేసింది. గుడ్డసంచీ ఎక్కడో కొమ్మకి తగులుకుంటే విదిలించుకుని వదిలేసింది. నీళ్ళు నడుము దాకా వచ్చాయి. వేళ్ళకి పట్టిన గవ్వలు కత్తుల్లా కోసేస్తున్నాయి. ఒకచోట నేను మోకాలిదాకా దిగబడి, ఇక నావల్ల కాదని ఏడ్చాను. "అమ్మడూ, ఆ చెట్టుని చూడు. దాని దాకానే. ఆ తర్వాత ఇంకోటి చూపిస్తాను" అంది. తిల్లచెట్టు కొమ్మ కంటికి తగలబోతే చేత్తో నా ముఖం కప్పింది.

సూర్యుడు చెట్ల వెనక్కి దిగే వేళకి గట్టు కనిపించింది. మాకూ దానికీ మధ్య చెరువుల మురికినీళ్ళు పోయే కాలవ. ఒక తాటిపట్టె అడ్డంగా వేసి ఉంది. దాని మీద చేతులూ మోకాళ్ళూ ఆనించి పాకాం. గట్టెక్కగానే కుక్కలు మీదకొచ్చాయి. వెనకే కాపలా మనిషి, చేతిలో కర్ర.

"ఎవరు మీరు? మడలోంచి వస్తారేంటి? రొయ్యల కోసమా?" అని గదిమాడు. దగ్గరకొచ్చి పిన్ని కాళ్ళు చూశాక కర్ర దించేశాడు. "అయ్యో, రక్తమండీ. కూకోండి, కూకోండి. ఇయ్యాళ ఉదయం నుంచీ పోటు పెద్దగా ఉంటదని మైకులో చెప్తన్నారు కదండీ. ఊళ్ళో కింది ఈధులోళ్ళని ఇస్కూల్లోకి తరలించేరు. మీకు తెలీలేదా?"

ఆ మైకు అమలాపురం దాకా రాదు. పందిట్లో ఆవిడ ఎందుకు లేదో అప్పుడు తెలిసింది.

అతను మమ్మల్ని మోటారుసైకిలు మీద ఊళ్ళోకి తీసుకెళ్ళి దింపాడు. ఊళ్ళోంచి కబురు చేస్తే మా ఆయన అద్దె కారు మాట్లాడుకుని వచ్చేసరికి చీకటి పడింది.  పిన్ని పాదానికి తువ్వాలు చుట్టి, కారులోకి ఎత్తి కూర్చోబెట్టాడు.

గాయం చిన్నదేననుకున్నాం. పిన్నికి షుగరుందని మాకెవరికీ తెలియదు, ఆవిడకీ తెలియదు. మస్కట్‌లో ఆవిడని డాక్టరుకి చూపించాల్సిన అవసరం ఎవరికీ పడలేదు. వారం తిరక్కుండా పాదం నల్లబడింది. అమలాపురం డాక్టరు చూసి కాకినాడ తీసుకెళ్ళమన్నాడు. అక్కడ చిటికెనవేలూ దాని పక్కదీ తీసేశారు. పాదం నిలిచినందుకు సంతోషించమన్నారు. ఆపరేషను అయ్యాక మత్తు దిగుతుంటే ఆవిడ అడిగిన మొదటి మాట, "నడవొచ్చా?" అని.

"కొద్దికొద్దిగా నడవొచ్చమ్మా" అంది నర్సు.

ఆవిడకి అదేం ఇష్టమైన మాట కాదు. చాలా రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మంచం పక్కన కాగితాలు పెట్టినా ముట్టుకోలేదు. నేను స్కూలు నుంచి వచ్చి పక్కన కూర్చుని, నా చేతకాని మడతలు మడిచేదాన్ని. ఒకరోజు విసుగు పుట్టి కాబోలు, నా చేతిలోంచి లాక్కుని, "అలాక్కాదే, ఇక్కడ విరగ్గొట్టకూడదు" అని సరిచేసింది. ఆ రోజు నుంచి మళ్ళీ కూర్చుంటున్నాం. ఆ ప్రశ్న అడిగినందుకు నేను క్షమాపణ చెప్పబోతే చెప్పనివ్వలేదు. "నువ్వడిగేవు కాబట్టి నాకూ తెలిసింది, చావు మీద నాకు మనసు లేదని" అంది.

తర్వాతి వర్షాకాలంలో వాయుగుండాలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. పేపర్లో సముద్రం ముందుకొచ్చిందని ఫొటోలు వేశారు గానీ, అందులో మా తోట ఏదో పోల్చుకోలేకపోయాం. వానలు తగ్గాక పిన్ని చూస్తానంది. మా ఆయన ఈసారి వద్దనలేదు, ఆటో మాట్లాడాడు.

ఆటో తోట మొదటిదాకా వెళ్ళలేదు. తారురోడ్డు ఉన్నట్టుండి విరిగిపోయి, ముక్కలు నీళ్ళలోకి వంగి ఉన్నాయి. సరుగుడు వరసల్లో సగం లేవు. ఉన్నవాటిలో ఆకు లేదు, బెరడు ఊడిపోయి తెల్లగా నిలబడి ఉన్నాయి. వాటి మొదళ్ళ మధ్య అలలు వచ్చి పోతున్నాయి. పందిరి ఉన్నచోట ఏముందో చూడ్డానికి కూడా లేదు. ఆవిడ కూతురింటికి వెళ్ళిపోయిందని, మళ్ళీ రానందని ఆటో అబ్బాయి చెప్పాడు. మడ అడవి మాత్రం అలాగే పచ్చగా, పాయకి అవతల కాదు ఇప్పుడు, చుట్టూ నీళ్ళలో, ఎవరూ వెళ్ళలేని చోట ఉంది.

పిన్ని కర్ర ఆనించుకుని రోడ్డు విరిగిన అంచు దాకా నడిచింది. నేను ఆవిడ పక్కనే నిలబడ్డాను. మేం చూస్తుండగానే ఒక చెట్టు చప్పుడు లేకుండా ఒరిగింది. వేళ్ళు పైకి లేచాయి, అంతే, నీళ్ళు దాన్ని పక్కకి తీసుకుపోయాయి.

"పోయిన యేడు ఈ రోడ్డు ఇంకా ముందుకుండేదండి" అన్నాడు ఆటో అబ్బాయి వెనకనుంచి. "ఎంతని చెప్పగలమండీ. నెలకో మాదిరిగా ఉంటంది. ఎక్కండి, పొద్దుపోతంది."

 పిన్ని కాలి కింద తారు అంచుని కర్రతో పొడిచి చూసింది. ఒక ముక్క విరిగి నీళ్ళలో పడింది.

"వెనక్కి నడుద్దాం" అంది. "ఆటోని మెల్లిగా వెనకాల రమ్మను."

రొయ్యల చెరువుల మధ్య, ఆ చప్పుళ్ళలో, ఊరి మొదటి ఇళ్ళు కనబడేదాకా ఆవిడ కుంటుతూ నడిచింది. నేను పక్కన నడిచాను. ఆటో మా వెనకే వచ్చింది.